“ఇది ఆవిడకి కొత్తేం కాదుగా!”

(ఎక్కువ కాన్పులైన తల్లుల ఆరోగ్యం గురించి ఒక ప్రసూతి వైద్యురాలు చేసిన ప్రసంగ పాఠం. చివర సభికుల ప్రశ్నలు, జవాబులు ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్ళకి వినిపిస్తోందా? సరే. చంటిపిల్లలు ఏడిస్తే బయటికి తీసుకెళ్ళక్కర్లేదమ్మా, ఆ శబ్దం లేకపోతే నాకే తోచదు. (నవ్వులు)

ముందు ఒక సంగతి చెబుతాను. నేను చదువు పూర్తిచేసి లేబర్ రూమ్‌లో కొత్తగా చేరిన రోజులు. ఒక రాత్రి పక్కపక్క మంచాల మీద ఇద్దరున్నారు. ఒకమ్మాయిది తొలిచూలు. నొప్పి వచ్చినప్పుడల్లా కేకలు. రెండో ఆవిడది ఆరో కాన్పు. పంటి బిగువున ఓర్చుకుంటూ, మధ్యమధ్యలో ఆ అమ్మాయికి తనే ధైర్యం చెబుతోంది. మా సీనియర్ సిస్టర్ కేసు షీటు చూసి, “ఇది ఆవిడకి కొత్తేం కాదుగా, నువ్వు ఆ పిల్ల దగ్గరుండు” అంది. నాకూ సబబుగానే తోచింది. అరగంటలో ఆరో బిడ్డ పుట్టాడు. మాయ కూడా చక్కగా పడింది. బిడ్డని తుడిచి తల్లి పక్కన పెట్టి, నేను కేకలేస్తున్న అమ్మాయి దగ్గరికి వెళ్ళిపోయాను.

కాసేపటికి ఆవిడ, “డాక్టరమ్మా, కిందనుంచి వేడిగా జారుతున్నట్టుంది” అంది. “కాన్పయ్యాక అంతేనమ్మా” అన్నాను. ఆరుసార్లు కన్న మనిషికి నేను చెబుతున్నాను, కాన్పయ్యాక అంతేనని! ఇంకాసేపటికి “కళ్ళు తిరుగుతున్నాయి” అంది. దుప్పటి ఎత్తి చూస్తే పరుపంతా తడిసి మంచం కింద చుక్కలు పడుతున్నాయి. పొట్ట మీద చెయ్యి పెడితే, బంతిలా గట్టిగా తగలాల్సిన గర్భసంచి మెత్తటి ముద్దలా ఉంది. ఆవిడ బతికింది. ముగ్గురం కలిసి, ఉన్న మందులన్నీ ఇచ్చి, రక్తం ఎక్కించి, తెల్లారేసరికి గట్టెక్కించాం. ఆ రాత్రి నుంచి మాత్రం “కొత్తేం కాదుగా” అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆవిడకి కొత్త కాకపోవచ్చు. ఆ గర్భసంచి మీద పడే భారం మాత్రం ప్రతిసారీ కొత్తదే, పైగా పాతవాటి మీద పడే కొత్తది.

వైద్యంలో ఐదు, అంతకుమించి కాన్పులైన తల్లిని ‘గ్రాండ్ మల్టీపారా’ అంటాం. పది, ఆపైన అయితే దానికి ముందు ‘గ్రేట్’ అని ఇంకోటి తగిలిస్తాం. వినడానికి బిరుదులా ఉంటుంది. (నవ్వులు) తొలి నెలల్లో పోయిన గర్భాలు ఈ లెక్కలోకి రావు. అయినా డాక్టరుకి అవీ చెప్పాలి. లోపల శుభ్రం చేయించుకున్న సంగతి అసలే దాచకూడదు, ఎందుకో మాయ గురించి మాట్లాడేటప్పుడు చెబుతాను.

1934లో బెతెల్ సాలమన్స్ అనే వైద్యుడు లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక వ్యాసం రాశాడు. డబ్లిన్‌లోని రొటండా ప్రసూతి ఆసుపత్రికి పెద్దగా పనిచేసినాయన. అప్పటికి అందరి నమ్మకం ఒకటే: తొలి కాన్పు గండం గడిస్తే తర్వాతవన్నీ నల్లేరు మీద బండి నడకే అని. అది తప్పు, కాన్పులు పెరిగేకొద్దీ ప్రమాదం మళ్ళీ పెరుగుతుందని ఆయన గట్టిగా చెప్పాడు. ఆ వ్యాసం పేరుకి ‘ప్రమాదకరమైన బహుప్రసూత’ అని అర్థం. ఆ పేరు మాత్రం నాకు నచ్చదు. ప్రమాదంలో ఉన్నది ఆవిడ. ఆవిడే ప్రమాదం అన్నట్టు ఏమిటా పేరు?

ఇందులో తిరకాసు ఏమిటంటే, ప్రమాదాన్ని చూపే గీత నిటారుగా పైకి పోదు. తొలి కాన్పుకి ప్రమాదం కొంచెం ఎక్కువ. రెండు, మూడు కాన్పులకి బాగా తక్కువ. ఆ తర్వాత మెల్లగా పైకి లేస్తుంది. మనం మోసపోయేది ఇక్కడే. రెండోది, మూడోది సులువుగా అయ్యాయి కదా, ఐదోది ఇంకా సులువవుతుందని లెక్కేసుకుంటాం. ఐదు అనే అంకెలో మహత్తు ఏమీ లేదు. నాలుగు దాకా చదునైన నేల, ఐదులో అడుగుపెట్టగానే గొయ్యి అని కాదు.

ఇంకోమాట కూడా నిజాయితీగా చెప్పాలి. మంచి తిండి, రక్తం సరిగ్గా ఉండటం, మొదటి నుంచి పరీక్షలు, ఆసుపత్రిలో కాన్పు – ఇవన్నీ ఉన్నచోట ఎక్కువ కాన్పులైన తల్లులకీ మిగతావాళ్ళకీ మధ్య తేడా బాగా తగ్గిపోయింది. కొన్ని అధ్యయనాల్లో తేడా దాదాపు కనపడలేదు కూడా. ఐదో కాన్పు అనగానే గుండెలు బాదుకోనక్కర్లేదు. అంకె ఒక్కటే చంపదు. అంకెకి రక్తహీనత తోడై, వయసు తోడై, ఎడం లేని కాన్పులు తోడై, ‘కొత్తేం కాదుగా’ అన్న నిర్లక్ష్యం తోడైతే అప్పుడు చంపుతుంది.

ఇక రక్తస్రావం సంగతి. దీని మీద కొంచెం ఎక్కువసేపు ఉంటాను, ఏమనుకోకండి.

గర్భం లేనప్పుడు గర్భసంచి బరువు 60, 70 గ్రాములు. పిడికిలి కంటే చిన్నది. నెలలు నిండేసరికి అదే గర్భసంచి, బిడ్డనీ ఉమ్మనీటినీ పక్కనపెట్టి తూస్తేనే, సుమారు కిలో ఉంటుంది. నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా రక్తం వెళుతుంది. మనిషి ఒంట్లో మొత్తం రక్తం ఐదారు లీటర్లు. మాయ ఊడి బయటికి రాగానే, అది అతుక్కున్న చోట రక్తనాళాల నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. మరి ప్రతి తల్లీ నిమిషాల్లో చనిపోకుండా ఆపుతున్నది ఏమిటి? గర్భసంచి కండరం. దాని పోగులు అల్లిక పనిలా అటూ ఇటూ దాటుకుంటూ ఉంటాయి, ఆ అల్లిక సందుల్లోంచి రక్తనాళాలు వస్తాయి. కాన్పయ్యాక కండరం ముడుచుకోగానే ప్రతి సందూ ఉరితాడులా బిగుసుకుంటుంది. రక్తనాళాలు నొక్కుకుపోతాయి. రక్తం గడ్డకట్టడం తర్వాతి పని, మొదటి పని ఈ బిగింపుదే.

చాలాసార్లు సాగి ముడుచుకున్న కండరం ఒక్కోసారి ఆ బిగింపుని నిలబెట్టుకోలేదు. బిగుస్తుంది, మళ్ళీ వదులవుతుంది. కాన్పయ్యాక పాలిచ్చేటప్పుడు పొట్టలో మెలిపెట్టే నొప్పులు వస్తాయి చూశారా? తొలి కాన్పు వాళ్ళకి అవి పెద్దగా తెలియవు. ఎక్కువ కాన్పులైనవాళ్ళు వాటికి విలవిల్లాడతారు. తొలిచూలు గర్భసంచి బిగుసుకుని అలాగే ఉండిపోతుంది. మలిచూళ్ళలో అది వదులవుతూ, మళ్ళీ బిగుస్తూ ఉంటుంది కాబట్టి ఆ నొప్పి. అందుకే నేను నర్సు అమ్మాయిలకి చెబుతుంటాను: ఆవిడ ఆ నొప్పులంటే విసుక్కోకండి, అవి ఆగిపోయి ఆవిడ మగతగా పడుకుంటే భయపడండి అని.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2023లో గర్భం, కాన్పు కారణంగా సుమారు 2 లక్షల 60 వేల మంది తల్లులు చనిపోయారు. వాళ్ళని తీసుకెళ్ళే కారణాల్లో అన్నిటికంటే ముందున్నది రక్తస్రావమే. ఇందులో బాధాకరమైన విషయం, పోయిన రక్తాన్ని మనం కంటితో అంచనా కట్టడం. కంటి అంచనా ఎప్పుడూ తక్కువే చెబుతుంది. గుడ్డలోకి ఇంకింది, పరుపులోకి ఇంకింది, ఉమ్మనీటిలో కలిసింది. “ఏదో కొంచెం పోయింది” అంటాం. 2023లో కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లో 80 ఆసుపత్రుల్లో, రెండు లక్షల మందికి పైగా తల్లులతో చేసిన ఒక ప్రయోగం ఫలితాలు వచ్చాయి. అందులో చేసిందల్లా ఏమిటంటే, కొలత గీతలున్న ఒక ప్లాస్టిక్ సంచిని తల్లి కింద పరిచి పోయే రక్తాన్ని కొలిచారు. గీత దాటగానే గర్భసంచిని మర్దనా చేయడం, గర్భసంచిని బిగించే ఆక్సిటోసిన్, రక్తం గడ్డలు కరిగిపోకుండా ఆపే ట్రానెక్సామిక్ ఆమ్లం, సెలైన్, కారణం వెతకడం – అన్నీ ఒకదాని కోసం ఒకటి ఆగకుండా ఒకేసారి చేశారు. లీటరు దాటే రక్తస్రావం, దానివల్ల ఆపరేషన్, మరణం – ఈ మూడూ కలిపి చూస్తే 60 శాతం తగ్గాయి. కొత్త మందు ఒక్కటీ లేదు. కొలిచారు, ఆగకుండా చేశారు, అంతే.

ట్రానెక్సామిక్ ఆమ్లం అన్నాను కదా, అది కాన్పయిన మూడు గంటల్లోపు పడాలి. ఆ తర్వాత ఇస్తే పెద్దగా ఉపయోగం లేదు. ఇంకో చిన్న విషయం, ఎవరూ పట్టించుకోనిది: మూత్రం నిండుగా ఉంటే గర్భసంచి సరిగ్గా ముడుచుకోలేదు. కాన్పయిన తల్లి మూత్రానికి వెళ్ళిందా అని అడగండి. పెద్ద పెద్ద మందుల కోసం పరుగెత్తే ముందు నేను చూసేది అదే.

ఇప్పుడు రక్తహీనత. ఒక గర్భం మొత్తానికి తల్లి ఒంట్లోంచి సుమారు 1000 మిల్లీగ్రాముల ఇనుము ఖర్చవుతుంది. బిడ్డకీ మాయకీ కలిపి 300, తల్లి పెంచుకునే అదనపు రక్తానికి 500, మామూలుగా ఒంట్లోంచి పోయేది మిగతా 200. చాలామంది ఆడవాళ్ళ ఒంట్లో నిల్వ 300 ఉంటే గొప్ప. అంటే ప్రతి కాన్పూ అప్పు చేసి గట్టెక్కిందే. అప్పు తీరకముందే ఇంకో కాన్పు వస్తే, అసలు మీద అసలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ బిడ్డ పుట్టాక మళ్ళీ గర్భం కోసం కనీసం 24 నెలలు ఆగమనేది ఊరికే కాదు. ఏ కాన్పుకైనా ఆ ఎడం ఉండాలి, కానీ నాలుగోదానికీ ఐదోదానికీ మధ్య ఇంకా ముఖ్యం.

గర్భిణిలో హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువుంటే రక్తహీనత, 7 కంటే తక్కువుంటే తీవ్రమైనది. 12 ఉన్న తల్లికి ముప్పావు లీటరు రక్తం పోయినా తట్టుకోగలదు. 6 ఉన్న తల్లికి అందులో సగం పోయినా గుండె చేతులెత్తేయొచ్చు. అందుకే ఎవరికి ఎంత పోయిందన్నది ఎంత ముఖ్యమో, పోవడానికి ముందు ఎంత ఉందన్నదీ అంతే ముఖ్యం. ఇనుము మాత్రలు వేసుకుంటే మలం నల్లగా అవుతుంది, దానికి భయపడి మానేయకండి. టీ, కాఫీలతో కలిపి వేసుకోవద్దు. కాల్షియం మాత్ర వేరే పూట వేసుకోండి. మాత్రలు పడకపోతే, లేదా నెలలు ముదిరిపోతే, సెలైన్ ద్వారా ఎక్కించే ఇనుము ఉంది. “నాకు మాత్రలు పడవు” అని ఊరుకోకుండా అడగండి.

తర్వాతది బిడ్డ పడుకునే తీరు. తొలిచూలులో పొట్ట కండరాలు బిగువుగా ఉంటాయి, బిడ్డని తల కిందికి ఉండేలా పట్టి ఉంచుతాయి. నాలుగైదు కాన్పులయ్యాక ఆ గోడ వదులవుతుంది. పొట్ట ముందుకి వేలాడుతుంది. బిడ్డకి లోపల బోలెడంత చోటు. ఇవాళ తల కింద, రేపు అడ్డం, ఎల్లుండి ఏటవాలు. తల కటిలోకి దిగడం కూడా నొప్పులు మొదలయ్యేదాకా జరగకపోవచ్చు, అది వీళ్ళలో మామూలే. చిక్కెక్కడంటే, తల దిగకుండా, కింద దారి ఖాళీగా ఉన్నప్పుడు ఉమ్మనీరు ఒక్కసారిగా పోతే, ఆ ప్రవాహంతో బొడ్డుతాడు జారి బయటికి రావచ్చు. దాని మీద బిడ్డ తల పడిందంటే బిడ్డకి రక్తం ఆగిపోతుంది. అప్పటికి గంటలుండవు, నిమిషాలే. ఎవరికైనా అలా తాడు బయట కనిపిస్తే దాన్ని లోపలికి తోయకండి, పట్టుకుని చూడకండి. తల్లిని మోకాళ్ళ మీద వంచి, ఛాతీ మంచానికి ఆనించి, నడుము పైకి ఉండేలా పెట్టి, అలాగే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. చూడ్డానికి వింతగా ఉంటుంది, సిగ్గుపడాల్సిన సమయం కాదది. ఇంతదాకా రాకుండా ఉండాలంటే, తొమ్మిదో నెలలో బిడ్డ ఎటు తిరిగి ఉందో వారం వారం చూపించుకోవాలి. పోయిన నెల తల కిందికే ఉందన్న మాట ఈ తల్లుల విషయంలో చెల్లదు.

గర్భసంచి పగలడం గురించి చెప్పాలి. అరుదే. కానీ దాని వెనకున్న సంగతి చాలామందికి తెలియదు. బిడ్డ పెద్దదైనా, అడ్డంగా ఉన్నా దారి మూసుకుపోతుంది. అలాంటప్పుడు తొలిచూలు గర్భసంచి ఏం చేస్తుందంటే, తోసి తోసి అలిసిపోయి ఆగిపోతుంది. నొప్పులు మందగిస్తాయి. తల్లికి కష్టమే, కానీ మనకి టైము దొరుకుతుంది. మలిచూలు గర్భసంచి అలా ఆగదు. దానికి కనడం అలవాటు, అడ్డం ఉన్నకొద్దీ ఇంకా గట్టిగా తోస్తుంది. పై భాగం దట్టమవుతూ, కింది భాగం పలచబడుతూ పోయి చివరికి చిరుగుతుంది. అంతసేపూ చుట్టూ ఉన్నవాళ్ళు “నొప్పులు బాగా వస్తున్నాయి, ఇంకేం, అయిపోతుంది” అంటూనే ఉంటారు. చిరిగాక నొప్పులు హఠాత్తుగా ఆగిపోతాయి. “హమ్మయ్య, కాస్త నెమ్మదించింది” అనుకుంటారు. అది నెమ్మది కాదు. తల్లి మొహం పాలిపోయి, చెమటలు పట్టి, నాడి పరుగెడుతుంటే, లోపల కడుపులోకి రక్తం పోతోందని అర్థం.

అందుకే నొప్పులు పెంచే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ల విషయంలో నేను కఠినంగా ఉంటాను. త్వరగా అయిపోవాలని బిడ్డ పుట్టకముందు కండరానికి ఇచ్చే ఆ ఇంజెక్షన్ ఏ తల్లికీ ఇవ్వకూడదు, ఎక్కువ కాన్పులైన తల్లికి ఇస్తే నిప్పుతో చెలగాటమే. అవసరమైతే ఆసుపత్రిలో, సెలైన్‌లో, చుక్కలు లెక్కబెట్టి, పక్కన మనిషిని ఉంచి ఇవ్వాలి. విచిత్రం ఏమిటంటే, బిడ్డ పుట్టిన మరుక్షణం ఇదే ఆక్సిటోసిన్ 10 యూనిట్లు కండరానికే ఇస్తాం, రక్తస్రావం కాకుండా కాపాడేది అదే. మందు మారలేదు, నిమిషం మారింది.

కొందరిలో దీనికి పూర్తిగా ఎదురు: నొప్పులు మొదలైన మూడు గంటల్లోపే కాన్పు అయిపోతుంది. దారిలో, బండిలో, స్నానాలగదిలో. పోయినసారి అలా అయినవాళ్ళు ఈసారి నొప్పులు ‘బాగా’ వచ్చేదాకా ఆగకూడదు. తేదీ దగ్గరపడగానే ఆసుపత్రికి దగ్గర్లో ఉండటం మేలు.

మాయ గురించి చెబుతానన్నాను. కాన్పులు పెరిగేకొద్దీ, సిజేరియన్లు పెరిగేకొద్దీ, గర్భసంచి లోపల శుభ్రం చేసిన మచ్చలు ఉన్నా, మాయ కిందికి వచ్చి గర్భద్వారాన్ని మూసే అవకాశం ఎక్కువ. దీని గుర్తు, నొప్పి లేకుండా ఎర్రటి రక్తం కనపడటం. నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు. స్కాన్ చూడకుండా లోపల వేళ్ళతో పరీక్ష చేయనివ్వకండి కూడా. పాత సిజేరియన్ కోత ఉన్నచోటే మాయ నాటుకుంటే, అది గోడలోకి వేళ్ళు దించుకుని ఊడిరానంటుంది. 2006లో అమెరికాలో 30 వేల సిజేరియన్ల మీద వచ్చిన అధ్యయనం ఒకటుంది. మాయ కిందికి ఉన్నవాళ్ళలో, అది మొదటి సిజేరియన్ అయితే ఇలా అతుక్కునేది 100లో 3 మందికి. రెండోదైతే 11 మందికి, మూడోదైతే 40, నాలుగోదైతే 61. ఇలాంటి కేసుల్లో చాలాసార్లు గర్భసంచి తీసేయాల్సి వస్తుంది. సిజేరియన్ అయినవాళ్ళు ఎంతమంది పిల్లలు కావాలన్నది రెండో సిజేరియన్‌కి ముందే కూర్చుని ఆలోచించుకోవాలి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఎక్కువ కాన్పులంటే సాధారణంగా వయసూ ఎక్కువే. బీపీ, షుగరు పిలవకుండా వస్తాయి. “పోయిన నాలుగింటికీ బీపీ లేదు” అన్నది ఈసారికి హామీ కాదు. 25 ఏళ్ళ తల్లికి డౌన్ సిండ్రోమ్ బిడ్డ పుట్టే అవకాశం సుమారు 1250లో 1 అయితే, 35కి 350లో 1, 40కి 100లో 1. మీ రక్తం గ్రూపు నెగటివ్ అయితే, పాజిటివ్ బిడ్డలు పుట్టేకొద్దీ తల్లి ఒంట్లో బిడ్డ రక్తానికి విరుగుడు తయారయ్యే అవకాశం పెరుగుతుంది. అది తయారవకుండా ఆపడానికి 28వ వారంలో ఒకటి, బిడ్డది పాజిటివ్ అని తేలితే 72 గంటల్లోపు ఇంకొకటి ఇంజెక్షన్ పడాలి. కాన్పయ్యాక ఒక కాలి పిక్క మాత్రం వాచి నొప్పి పెడితే, నడిచి నడిచి అనుకోకండి, సిరలో రక్తం గడ్డ కావచ్చు.

ఇన్ని చెప్పాను కానీ నా బాధ వేరే ఉంది. ఈ తల్లులు మా దగ్గరికి ఆలస్యంగా వస్తారు, ఒక్కోసారి నొప్పుల్లోనే వస్తారు. ఎందుకు? ఇంట్లో నలుగురు పిల్లలుంటే, వాళ్ళని ఎవరి మీద వదిలి పరీక్షకి వస్తుంది? అదొకటి. రెండోది మా నోరు. తలుపు తోసుకుని లోపలికి రాగానే “మళ్ళీనా?” అంటాం. “ఇంకా ఎన్ని కంటావ్?” అంటాం. పక్కన కూర్చున్నవాళ్ళు నవ్వుతారు. ఇది నేను విన్నాను, ఒకప్పుడు నేను కూడా అన్నాను. ఆ గర్భం ఆవిడ ఒక్కదాని నిర్ణయమా కాదా మనకి తెలుసా? అవమానపడ్డ తల్లి మళ్ళీ రాదు. ఐదు నెలలకి రావాల్సింది తొమ్మిదికి వస్తుంది, 7 హిమోగ్లోబిన్‌తో. ఆ ఒక్క మాట వల్ల పోయిన నాలుగు నెలల్లో ఎన్ని ఇనుము మాత్రలు పడేవో లెక్కేయండి. ఇక్కడున్న నర్సు అమ్మాయిలకి నేను చెప్పేది ఇంతే: ఐదో కాన్పు అన్నప్పుడు కేసు షీటు మీద ఎర్ర సిరాతో గుర్తు పెట్టండి, మొహంలో మాత్రం ఏ గుర్తూ కనపడనివ్వకండి.

సరే, ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: మా అమ్మ తొమ్మిదిమందిని కంది డాక్టరుగారూ. అందరినీ ఇంట్లోనే. తొంభై ఏళ్ళు బతికింది. మరి దానికేమంటారు?

ఆవిడ గట్టి మనిషి, సంతోషం. కానీ తొమ్మిదో కాన్పులో పోయిన తల్లి కొడుకు ఇక్కడ లేచి నిలబడి “మా అమ్మ” అని చెప్పగలడా? అతనికి ఆవిడ మొహమే గుర్తుండదు. బతికినవాళ్ళ కథలే మనదాకా వస్తాయి. ఆ రోజుల్లో పిల్లలున్న ఇంట్లోకి రెండో భార్యలు ఎందుకొచ్చారో పెద్దవాళ్ళని అడిగి చూడండి.

ప్రశ్న: ఇంక వద్దనుకుంటే ఏది మంచిది? మగవాళ్ళు ఆపరేషన్ చేయించుకుంటే బలహీనత వస్తుందంటారు.

మీరు అడిగినందుకు సంతోషం, సాధారణంగా ఈ ప్రశ్న భార్యలే అడుగుతారు. (నవ్వులు) బలహీనత రాదు. వీర్యకణాలు వెళ్ళే గొట్టాన్ని కట్ చేస్తారు, హార్మోన్లు రక్తంలోంచి వెళతాయి, వాటికేమీ కాదు. ఆడవాళ్ళ ఆపరేషన్‌లో పొట్ట తెరవాలి, మగవాళ్ళకి అదేం ఉండదు, చాలా చిన్నది. ఒక్కటి గుర్తుంచుకోండి: చేయించుకున్న వెంటనే పనిచేయదు. మూడు నెలలయ్యాక పరీక్ష చేయించి, కణాలు లేవని తేలేదాకా వేరే జాగ్రత్త వాడాలి. ఆపరేషన్ ఇప్పుడే వద్దంటే, మాయ పడిన పది నిమిషాల్లోపు, లేదా 48 గంటల్లోపు కాపర్ టీ వేయించుకోవచ్చు. ఇంకోటి, పాలిస్తున్నాను కాబట్టి గర్భం రాదనుకుంటారు. బిడ్డకి ఆరు నెలలు నిండకుండా ఉండాలి, రాత్రీ పగలూ తల్లిపాలు తప్ప ఇంకేమీ పట్టకూడదు, నెలసరి తిరిగి రాకూడదు. ఈ మూడింట్లో ఒక్కటి తప్పినా ఆ ధీమా చెల్లదు. మా దగ్గరికి వచ్చే ఎడం లేని కాన్పుల్లో చాలా భాగం ఆ ధీమావే.

ప్రశ్న: నేను నర్సింగ్ చదువుతున్నాను మేడమ్. కాన్పయ్యాక ఎంతసేపు దగ్గరుండాలి?

మొదటి రెండు గంటలు కదలొద్దమ్మా. పావుగంటకోసారి పొట్ట మీద చెయ్యి పెట్టి గర్భసంచి గట్టిగా ఉందో లేదో చూడు, కింద ప్యాడ్ చూడు, నాడి చూడు. బీపీ పడిపోయేదాకా ఆగకు, నాడి ముందు చెబుతుంది. పావుగంటలో ప్యాడ్ నిండిందంటే వెంటనే కేకెయ్యి. మరో సంగతి, ఆవిడ “ఏదో తేడాగా ఉంది” అంటే నమ్ము. తన ఒంట్లో కాన్పయ్యాక ఏది మామూలో ఐదుసార్లు చూసిన మనిషి ఆ గదిలో ఆవిడ ఒక్కతే.

ప్రశ్న: నాకు నలుగురు పిల్లలండీ. దగ్గినా, తుమ్మినా... అందరి ముందూ అడగడానికి మొహమాటంగా ఉంది. మూత్రం పడిపోతుంటుంది. చిన్నది పుట్టి మూడేళ్ళయింది. అందరికీ ఉండేదేలే అన్నారు.

అందరికీ ఉంటుంది కాబట్టి ఊరుకోవాలని ఎవరన్నారు? మీరు అడిగారు, ఇక్కడ కనీసం పదిమంది మనసులో మీకు దండం పెట్టుకుంటున్నారు. (చప్పట్లు) కటి అడుగున ఉయ్యాలలా పట్టి ఉంచే కండరాలుంటాయి. కాన్పు కాన్పుకీ అవి సాగుతాయి. బాగా సాగితే గర్భసంచి కిందికి జారుతుంది, మీది అంతదాకా వెళ్ళిందో లేదో చూస్తే గానీ చెప్పలేను. వ్యాయామం ఒకటుంది, డబ్బు ఖర్చు లేదు. అపానవాయువు ఆపుకుంటున్నట్టుగా లోపలికి, పైకి బిగించండి. పొట్ట, తొడలు బిగించకూడదు, ఊపిరి బిగబట్టకూడదు. కొన్ని క్షణాలు ఉంచి వదలండి. అలా ఎనిమిదిసార్లు, రోజుకి మూడు పూటలా. కనీసం మూడు నెలలు చేయాలి, వారం చేసి పనిచేయలేదనకండి. తుమ్ము వస్తుందనగానే ముందే బిగించడం అలవాటు చేసుకోండి. చాలామంది తప్పుగా, కిందికి ముక్కినట్టు చేస్తారు, దానివల్ల ఇంకా జారుతుంది. మీరు సరిగ్గా చేస్తున్నారో లేదో ఇక్కడ నిలబడి చెప్పలేను కాబట్టి, సభ అయ్యాక పక్క గదిలోకి రండి, చూస్తాను. గర్భద్వారం క్యాన్సర్ పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నారా? లేదా? కాన్పులు ఎక్కువైనవాళ్ళలో అది వచ్చే అవకాశం కూడా కొంచెం ఎక్కువ. అది కూడా ఇవాళే చూసేద్దాం. ఇంకెవరైనా రావాలనుకుంటే ఆవిడ వెనకే రండి, చేతులెత్తక్కర్లేదు.